కొమ్ములో బల్బు

మా ఇంటి హాల్లో ఒక గోడకి పేరుంది. మిగతా మూడూ ఉత్త గోడలే. వాటికి క్యాలెండరు తగిలించుకోవచ్చు, తడి గొడుగు ఆనించుకోవచ్చు, కాళ్ళు లాగితే వీపు చేర్చి కూర్చోవచ్చు. నాలుగోది మాత్రం 'హెరిటేజ్ వాల్'. దాని దగ్గర గట్టిగా తుమ్మినా మా ఆయన ఒప్పుకోడు.

ఈ జబ్బు మాకు విశాఖపట్నం నుంచి అంటుకుంది. మా ఆయన అరకులో ఒక బ్యాంకులో పని చేస్తాడు. నేను ఆశ్రమ పాఠశాలలో తెలుగు టీచర్ని. ఇద్దరం కొండల్లో పుట్టినవాళ్ళమే. ఆయన మేనేజరుగారు విశాఖలో కొత్త ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశానికి పిలిస్తే, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వెళ్ళాం. హాల్లో అడుగు పెట్టగానే ఎదురుగా వీణ. దానికో చెక్క పీఠం, దాని నెత్తిన పసుపు రంగు దీపం. దేవుడి గదిలో దేవుడికి కూడా అంత దీపం లేదు.

"మీరు వాయిస్తారా అండీ?" అని ఇల్లాలిని అడిగాను.

"అబ్బే, సోఫా రంగుకి సరిగ్గా కుదిరిందని తీసుకున్నాం" అందావిడ.

తీగ మీద వేలు పెట్టబోయాను. "ముట్టుకోకండి, మరకలు పడతాయి" అంది. వెనక్కి తీసుకున్నాను. ఇంకో మూల తబలా జంట మీద ప్లాస్టిక్ మొక్కలు కూర్చుని ఉన్నాయి. పూలకుండీలో ఎండుపుల్లల మధ్య ఒక వేణువు గుచ్చి ఉంది. ఆ ఇంట్లో పాట ఎక్కడ నుంచి వస్తోందా అని చూస్తే, టీవీ కింద పెట్టిన నల్ల డబ్బాలోంచి వస్తోంది. అన్ని వాయిద్యాలున్న ఇంట్లో చప్పుడు చేసే హక్కు ఆ డబ్బా ఒక్కదానికే ఇచ్చారు.

నాకు నవ్వొచ్చింది. మా ఆయనకి మాత్రం కళ్ళు చెమర్చాయి. తిరుగు రైల్లో ఆయన కిటికీకి ఆనుకుని కూర్చున్నాడు. సొరంగం వచ్చినప్పుడల్లా మొహం కనబడేది కాదు గానీ, ఆ చీకట్లో ఏదో పెద్ద ఆలోచన సాగుతోందని తెలుస్తూనే ఉంది. బొర్రా దాటాక నోరు విప్పాడు.

"మనకి నేవేటి?"

"ఏటి?"

"వాయిద్యాలు. తుడుము నేదా? మోరి నేదా? కిరిడి నేదా? ఆల గోడ కన్నా మన గోడకి తక్కువేటి?"

గోడకి తక్కువేమీ లేదు. బుర్రకే ఏదో తక్కువైందని నాకు అప్పుడే అనిపించింది.

ఆ ఎండాకాలమంతా ఆయన ఊళ్ళు పట్టుకు తిరిగాడు. థింసా నాట్యానికి వాయించే తుడుము ఒకటి, చర్మం చిరిగి మూలపడి ఉన్నది, దొరికింది. కిరిడి అనే చిన్న డోలు ఒకటి సంతలో దొరికింది. మా పుట్టింటి వైపు ఒకాయన, పళ్ళన్నీ ఊడిపోయి ఊదలేక పక్కన పెట్టిన సన్నాయిలాంటి మోరి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు "వాయించేవోళ్ళకి ఇయ్యి బాబూ" అన్నాడట. మా ఆయన తలూపాడట. తలూపడానికి ఖర్చేముంది.

తర్వాత మైదానం నుంచి ఒక ఇంటీరియర్ డిజైనర్ వచ్చాడు. చెవికి పోగు, చేతిలో టేపు. మా సోఫాలో కూర్చుని, మేమిచ్చిన కాఫీ తాగుతూ, గిరిజన సంస్కృతి అంటే ఏమిటో మాకు చెప్పాడు. "ట్రైబల్ లుక్ రావాలంటే గోడకి మట్టిరంగు వెయ్యాలి మేడమ్" అన్నాడు. మా అమ్మ మట్టిగోడ ఇంట్లో పుట్టి, సిమెంటు గోడ కావాలని జీవితమంతా కలగంది. ఆ కల నేను తీర్చాను. ఇప్పుడు ఆ సిమెంటు మీద మట్టి కాని మట్టిరంగు పూయడానికి ఈ కుర్రాడికి ఫీజు. కోపం దిగమింగి లోపలికి వెళ్ళి గిన్నెలు తోముకున్నాను. తోమినవే మళ్ళీ తోమాను.

గోడ సిద్ధమైంది. తుడుము చర్మానికి కూడా వార్నిష్ కొట్టారు, మెరవాలని. వేలితో తడితే ప్లాస్టిక్ బకెట్టు కొట్టినట్టుంది. మోరికి అడ్డంగా మేకులు, కిరిడికి ఇత్తడి గొలుసు, పైన వరసగా దీపాలు. మా ఆయన ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు.

వానలు మొదలయ్యాక సంస్కృతి తన గుణం చూపించింది. మా దగ్గర వానాకాలం అంటే మూత బిగించిన డబ్బాలో ఉప్పు కూడా ఏడుస్తుంది. వార్నిష్ కింద తుడుముకి బూజు పట్టి తెల్లటి మచ్చలొచ్చాయి. మోరిలో కందిరీగ మట్టితో ఇల్లు కట్టుకుంది. కిరిడిలో బల్లి కాపురం పెట్టింది, రోజూ సాయంత్రం లోపలి నుంచి టకటకమనేది. నిజం చెప్పొద్దూ, ఆ గోడ మీద వాయిద్యం వాయించిన ప్రాణి అదొక్కటే. నాకు దాని మీద గౌరవం ఉండేది. మా ఆయన చీపురుతో తరిమాడు.

చలికాలం వచ్చింది. వలిసె పూలు పూశాయి, వాటితోపాటు జనం కూడా కొండెక్కారు. బంధువులు, బంధువుల స్నేహితులు, బ్యాంకువాళ్ళు. వచ్చినవాళ్ళంతా గోడ ముందు నిలబడి "ఇవి ఒరిజినలేనా?" అని అడిగేవారు. అవును అంటే ఆ చూపు గోడ మీంచి మెల్లగా మా మీదికి జారేది. మేమూ ఒరిజినలేనా అని అడగడానికి మొహమాటపడేవారు, అంతే.

ఆ వచ్చినవాళ్ళలో వీణగల మేనేజరుగారి కుటుంబం కూడా ఉంది. అసలు గొడవ అక్కడే మొదలైంది.

ముందు మా అత్తవారి ఊరి సంగతి చెప్పాలి. అరకు నుంచి కొండ దారిలో లోపలికి ఉంటుంది. ఆ ఊళ్ళో జోడుకొమ్ములున్నాయి. దున్నపోతు కొమ్ములు, నల్లగా నిగనిగలాడుతూ, ఊదేచోట ఇత్తడి తొడుగుతో. జోడు అంటే రెండూ కలిసే ఊదాలి, ఒక్కటి ఊదకూడదు. ఆ రెండు కొమ్ములూ ఒకే ఇంట్లో ఉండకూడదు. పెద్దవాడి ఇంట్లో ఒకటి, చిన్నవాడి ఇంట్లో ఒకటి. మా మామ, ఆయన తమ్ముడు అలాగే ఉంచుకున్నారు. వాళ్ళ తర్వాత ఒకటి మా బావకి, అంటే మా ఆయన అన్నకి వచ్చింది. రెండోది మా ఆయనకి వచ్చింది. మేం అరకులో ఉంటున్నా అది మాతోనే ఉండాలి. బియ్యం డ్రమ్ము మీద పాత చీరలో చుట్టి ఉంచేదాన్ని.

ఏటా మామిడికొత్త పండగకి ఊరి దేవత రాయి ముందు అన్నదమ్ములిద్దరూ నిలబడాలి. అన్న అడగాలి, "తమ్ముడా, నీ కొమ్ముందా?" అని. తమ్ముడు "ఉంది. అన్నా, నీ కొమ్ముందా?" అనాలి. అన్న "ఉంది" అనాలి. అప్పుడు ఇద్దరూ కలిపి ఊదాలి. ఊదేదాకా ఊళ్ళో ఒక్కరూ కొత్త మామిడికాయ కొరకరు. చెట్టు కింద రాలినా మేకలు తినాల్సిందే. అడగడానికి మధ్యవర్తి పనికిరాడు, ఫోను పనికిరాదు. నోటితోనే అడగాలి, మొహం చూసే అడగాలి. ఎవరు పెట్టారో గానీ మనుషుల సంగతి బాగా తెలిసినవాళ్ళే పెట్టారు. వేరుపడ్డ అన్నదమ్ములు ఏడాదంతా ఎడమొహం పెడమొహంగా ఉన్నా, ఆ ఒక్క పూట నోరు విప్పక తప్పదు. విప్పకపోతే ఊరంతా వచ్చి మీద పడుతుంది.

మేనేజరుగారికి ఆ ఊరు చూడాలనిపించింది. మా ఆయన పరమానందంగా తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. మా బావ కాఫీ తోటలో పని ముగించుకుని అప్పుడే వచ్చాడు, జీన్స్ ప్యాంటు, నెత్తిన టోపీ. తమ్ముడు అడిగాడని ఇంట్లోంచి కొమ్ము తెచ్చి, ఊదకుండా పట్టుకుని చూపించాడు. మేనేజరుగారి భార్య ఫోను ఎత్తి, మళ్ళీ దించి, మా ఆయనతో మెల్లగా అంది: "ఆ ప్యాంటు బదులు పంచె కట్టుకుంటే నేచురల్‌గా ఉంటుంది కదండీ. చొక్కా లేకపోయినా పర్లేదు."

ఆవిడ అంది సరే, ఆవిడకి తెలీదు. ఈయన వెళ్ళి అన్నని అడిగాడు! పంచె ఉందా అన్నయ్యా, ఒక్క నిమిషం, ఒక్క ఫోటో, అని.

మా బావ మొహం ఎర్రబడింది. "నీ గెస్టులకి నాను బొమ్మనేటిరా? మీ గోడ మీద తుడుమెట్టినావు, కిరిడెట్టినావు. ఇంక నన్ను కూడా మేక్కొట్టి తగిలిస్తావేటి?" అని, కొమ్ము తీసుకుని లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

ఆ మాటలో తప్పేముంది? కానీ నలుగురి ముందు అన్నాడని మా ఆయన చిన్నబుచ్చుకున్నాడు. అంతే, అన్నదమ్ముల మధ్య మాటలు పోయాయి. ఎదురుపడితే ఒకడు ఆకాశం చూస్తాడు, ఒకడు చెప్పులు చూసుకుంటాడు. విచిత్రమేమిటంటే, మా ఆయన స్టేటస్ పెడితే అందరికన్నా ముందు చూసేది మా బావే. మా బావ స్టేటస్ కోసం ఈయన భోంచేస్తూ కూడా ఫోను చూసుకుంటాడు. నోళ్ళు మూతపడ్డాయి గానీ కళ్ళు కాపలా కాస్తూనే ఉన్నాయి.

ఇందులో నలిగిపోయింది మా అత్త. ఆమెకి ఊళ్ళోనే, మా బావ ఇంటి పక్కన చిన్న ఇల్లుంది. కొండచీపుళ్ళు కడుతుంది, పిప్పళ్ళు ఆరబెడుతుంది, సంత రోజున అమ్ముకుని మా ఇంటికొచ్చి టీ తాగి వెళ్తుంది. ఎవరి దగ్గరా చెయ్యి చాపదు, ఎవరి మీదా చాడీ చెప్పదు. ఆ చలికాలం మాత్రం వచ్చినప్పుడల్లా ఒకటే మాట.

"కోడలా, నాకింకేటీ ఒద్దు. నా కళ్ళ ముందర ఆలిద్దరూ మాటాడుకుంటే సాలు. పండగొస్తాది కదా. జోడుకొమ్ములూదాల. ఊదాలంటే నోరిప్పాల. నోరిప్పితే ఆయొక్క మాటతో ఆగుతాదేటి?"

ఆమె నమ్మకమంతా ఆ రెండు కొమ్ముల మీదే పెట్టుకుంది. ఆ సంగతి మా ఆయనకీ తెలుసు. తెలిసీ ఏం చేశాడో వినండి.

అన్న మీద ఉక్రోషంతో, తన కొమ్ము తనకుందని లోకానికి చూపించాలనిపించింది. బియ్యం డ్రమ్ము మీంచి చీర విప్పి తీశాడు. నేను బడి నుంచి వచ్చేసరికి డిజైనరు వచ్చి వెళ్ళిపోయాడు. గోడ నడుమ కొమ్ము నిలబెట్టి ఉంది, వెడల్పు నోరు పైకి. ఆ నోట్లోంచి వెలుతురు వస్తోంది. కొమ్ములో బల్బు!

"సెంటర్ పీసు" అన్నాడు మా ఆయన, పుట్టిన బిడ్డని చూపించినట్టు.

"తీగ ఎలా వెళ్ళింది లోపలికి?"

"ఎనకాల సిన్న కన్నం. కనబడదులే."

నేను అరిచాను. ఏం అరిచానో ఇక్కడ రాయను, పిల్లలకి తెలుగు చెప్పేదాన్ని. "మీ అమ్మకేటి చెప్తావ్?" అంటే, "పండగకి ఊడదీసి తీసుకెళ్తా, ఒక్క స్క్రూ పని" అన్నాడు. ఫోటో స్టేటస్‌లో పెట్టాడు. మా బావ వెంటనే చూశాడు. ఆ సంగతి కూడా ఈయనే నాకు చెప్పి మురిసిపోయాడు.

తర్వాతి సంతకి అత్త వచ్చింది. టీ గ్లాసు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. మడమలెత్తి కొమ్ము లోపలికి తొంగి చూసింది. ఆ వెలుతురులో ఆమె మొహం మీద ముడతలన్నీ కనబడ్డాయి.

"దీంట్లో దీపమేటి నాయనా?"

"డెకరేషనమ్మా."

"ఊడతాదా?"

"ఊడతాది."

"పండక్కి ఊదుతాదా?"

"ఎందుకూదదమ్మా? బాగా ఊదుతాది."

అత్త మడమలు దించింది. టీ చల్లారిపోయింది, తాగకుండానే గ్లాసు నా చేతికిచ్చింది. ఖాళీ బుట్ట ఎత్తుకుని గుమ్మం దిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

పండగ దగ్గర పడింది. మా ఆయన కొమ్ము ఊడదీసి, బల్బు తీసి, తీగ లాగి, పెరట్లో నిలబడి ఊదాడు. కుక్కర్ మూతలోంచి ఆవిరి పోయినట్టు సుయ్యిమంది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ సుయ్యి. పక్కింటావిడ కూర మాడిందా అని అడిగింది.

బొటనవేలు దూరేంత కన్నం అది. దాన్ని ఎలా మూయాలన్నది మా ఇంట్లో జాతీయ సమస్య అయింది. ముందు దానికి కాగితం అంటించాడు. అది ఎగిరిపోయింది. ఆ తర్వాత గోధుమపిండి ముద్ద పెడితే చీమలొచ్చాయి. ఆఖరికి కరెంటు పనివాళ్ళు వాడే నల్ల టేపు చుట్టాడు. నల్ల కొమ్ము మీద నల్ల టేపు, దగ్గర్నుంచి చూసినా తెలీదు. ఊదితే మోగింది కూడా, కాస్త జలుబు చేసిన గొంతుతో. మా ఆయన మొహంలో మళ్ళీ కళ వచ్చింది. "సూసినావా?" అన్నాడు. చూశాను. కొండ బిడ్డ తన పండగకి ఇన్సులేషన్ టేపుతో సిద్ధమవడం కళ్ళారా చూశాను.

పండగనాడు పొద్దున్నే ఊరికి వెళ్ళాం. దేవత రాయి చుట్టూ అలికి ముగ్గులు పెట్టారు. బుట్టల్లో కొత్త మామిడికాయలు రాయి ముందు పోసి ఉన్నాయి. పిల్లలు వాటి చుట్టూ చేరి వాసన చూస్తూ తిరుగుతున్నారు. అత్త తెల్లవారకుండానే స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, రాయి పక్కన చోటు పట్టుకుని నిలబడింది. కొమ్ములు ఊదేచోటికి ఎదురుగా, ఇద్దరు కొడుకుల మొహాలూ కనబడేలా. ఆమె చేతులు రెండూ కొంగు చివర పట్టుకుని ఉన్నాయి. అంత గట్టిగా పట్టుకోవడానికి కొంగులో ఏమీ లేదు.

ఒక పక్క ఎండు చితుకులతో మంట వేశారు. తుడుములు, డప్పులు సెగకి చూపిస్తే గాని చర్మం బిగిసి పలకదు. నేను ఆ మంట సంగతి మర్చిపోయాను. మా ఆయన కూడా మర్చిపోయాడు. తుడుములు కాచడం అయ్యాక పూజారి చెయ్యి చాపాడు.

"కొమ్ములు కూడా ఇయ్యండి బాబూ. మంచుకి సెమ్మెక్కి ఉంటాయి, కాస్త సెగ తగలాల."

మా ఆయన మొహంలో నెత్తురు లేదు. ఇవ్వక తప్పలేదు. నేను మా బావ వైపు చూశాను. మా ఆయన పరువు పోతుంటే ఆయన ఎలా ఉన్నాడో చూద్దామని. ఆయన మొహంలోనూ నెత్తురు లేదు. అదేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. కాస్త దూరంలో మా తోటికోడలు నేల చూపులు చూస్తోంది.

కొమ్ములు సెగ చూసి వచ్చాయి. అన్నదమ్ములు రాయి ముందు నిలబడ్డారు. డప్పులు ఆగాయి.

"తమ్ముడా, నీ కొమ్ముందా?" అన్నాడు మా బావ, పన్ను కట్టేవాడి గొంతుతో.

"ఉంది. అన్నా, నీ కొమ్ముందా?" అన్నాడు మా ఆయన, రసీదు ఇచ్చేవాడి గొంతుతో.

"ఉంది."

అత్త ఇద్దరి మొహాలూ చూసింది. ఒకడు ఆకాశం, ఒకడు చెప్పులు. చలికాలం నుంచి ఆమె దాచుకున్న ఆశకి దక్కింది ఆ మూడు ముక్కలే. ఆమె కొంగు చివర వేలికి ఇంకో చుట్టు చుట్టుకుంది. నాకు అన్నదమ్ములిద్దరినీ అక్కడికక్కడే గోడకుర్చీ వేయించాలన్నంత కోపం వచ్చింది.

ఇద్దరూ కొమ్ములెత్తారు. బుగ్గలు పొంగాయి. సెగకి కరిగిన జిగురు ఇంక పట్టి ఉంచలేకపోయింది. మా ఆయన కొమ్ము మీంచి నల్ల టేపు ముక్క లేచి గాల్లో టపటపా కొట్టుకుని ఊడి కింద పడింది. సుయ్యిమంది. సిగ్గుతో నేను కళ్ళు మూసుకున్నాను. మూసుకున్నాక తెలిసింది, సుయ్యిమనే చప్పుడు ఒక్కచోటి నుంచి రావడంలేదు. కళ్ళు తెరిచి చూస్తే మా బావ కొమ్ము నుంచి కూడా నల్ల టేపు ముక్క ఒకటి, తేలు కొండిలా పైకి లేచి వేలాడుతోంది.

ఊరు ఊరంతా ఆ రెండు కొమ్ముల వైపే చూసింది. మేక ఒకటి అరిచింది, అంతే.

మా బావ తమ్ముడి కొమ్ము వైపు వంగి చూశాడు. మా ఆయన అన్న కొమ్ము వైపు వంగి చూశాడు. రెండు కన్నాలూ ఒక్కచోటే, ఒక్క సైజే.

"నీదీనా?" అన్నాడు మా ఆయన.

మా బావ గొంతు సవరించుకున్నాడు. "కాఫీ తోటలో టూరిస్టులకి రూము కట్టినాను కదేటి. నీ స్టేటస్ సూసి..." అని ఆగి, "ఏ బల్బెట్టినావురా?" అన్నాడు.

"వార్మ్ వైటు. పసుపుగుంటాది."

"నానూ అదే. తెల్లది బాగోదు."

"బాగోదన్నయ్యా. మరీ ఆస్పత్రిలా ఉంటాది."

ముందు నవ్వింది ఎవరో గుర్తులేదు. బహుశా నేనే. ఆ వెంటనే ఊరంతా నవ్వింది, పూజారితో సహా. తనని గోడకి మేకు కొడతావా అని తలుపేసుకున్న మనిషి, తన చేత్తో తన కొమ్ముకి మేకు కొట్టుకున్నాడు. మోకాళ్ళ నొప్పులకి అత్త తోట ఎక్కదు గనక ఆమెకి తెలియలేదు. బ్యాంకు వేరు, తోట వేరు, పోటీ ఒక్కటే.

నవ్వనిది అత్త ఒక్కతే. ఆమె కొడుకుల దగ్గరికి నడిచి వచ్చింది. ముందు పెద్దవాడి కొమ్ము పట్టుకుని కన్నం చూసింది, తర్వాత చిన్నవాడిది.

"ఒకడు బేంకోడు. ఒకడు రూములోడు. బుర్రలు మాత్రం ఒక్క కడుపులోయే" అంది.

"తేనెమైనం తెండర్రా బేగి" అని పూజారి ఎవరినో తోటలోకి పరిగెత్తించాడు.

"మైనమెందుకు? అదొచ్చేసరికి ఈలు మల్లీ మొకాలు తిప్పుకుంటారు" అంది అత్త. ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. కుడిచేతి బొటనవేలు పెద్దవాడి కొమ్ము కన్నంలో, ఎడమచేతి బొటనవేలు చిన్నవాడి కొమ్ము కన్నంలో అదిమింది. ఆమె పొట్టి మనిషి. ఇద్దరూ ఆమె ఎత్తుకి వంగాల్సి వచ్చింది. వంగితే ఒకడి భుజం ఒకడికి తగిలింది. ఇంక ఆకాశం చూడటానికీ చెప్పులు చూడటానికీ వీల్లేదు.

"ఊదండి" అంది.

ఊదారు. ఆ మోత నేను ఎన్నో పండగల్లో విన్నదే. కానీ ఆ రోజు మధ్యలో ఆమె నిలబడి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ అటూ ఇటూ చాపి ఉంటే, ఆ మోత ఆమె చేతుల్లోంచే వస్తున్నట్టనిపించింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. మా తోటికోడలు కూడా ముక్కు చీదుకుంది. తుడుములు అందుకున్నాయి, పిల్లలు మామిడికాయల మీద పడ్డారు.

ఎక్కడి నుంచి వచ్చాడో, వీడియోలు తీసే టూరిస్టు ఒకడు కర్రకి ఫోను బిగించుకుని పూజారి దగ్గరికొచ్చాడు. "తల్లి వేళ్ళు పెట్టడం వెనక అర్థం ఏంటండీ?" అని అడిగాడు. పూజారి కన్నార్పకుండా "తాతల నాటి ఆచారం బాబూ" అన్నాడు. ఆ వీడియో తర్వాత మా బడికి కూడా వచ్చింది. మా సహోద్యోగి ఒకాయన, మైదానం మనిషి, చాలా ప్రాచీనమైన సంప్రదాయం అని నాకు వివరించాడు. నేను కాదనలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నదమ్ములిద్దరూ అత్త ఇంటి అరుగు మీద కూర్చుని వైరింగు గురించి మాట్లాడుకున్నారు. ఏ తీగ మంచిది, వానకి షాకు కొడుతుందా, స్విచ్చి ఎక్కడ పెట్టాలి. ఇంత పనికిమాలిన కబుర్లు నేను జన్మలో వినలేదు. అత్త మాత్రం గుమ్మంలో కూర్చుని, మామిడికాయ ముక్క ఉప్పులో అద్దుకుంటూ, హరికథ వింటున్నట్టు వింది.

తేనెమైనం అప్పటికి వచ్చింది. మా ఆయన దాన్ని అరచేతిలో మెత్తగా చేసి, "అమ్మా, ఇయ్యి, కన్నాలు మూసీస్తాం. గోడ మీద మళ్ళీ ఎట్టంలే" అన్నాడు.

అత్త రెండు కొమ్ములనీ ఒళ్ళోకి లాక్కుంది.

"మూయొద్దు."

"అదేటమ్మా? ఏటేటా ఊదాల కదా."

"నానున్నాను కదేటి? నా బొటనేళ్ళున్నాయి."

మా బావ నవ్వాడు. "ఎల్లకాలం నువ్వే నిలబడతావేటి? రేపు నువ్వు నేకపోతేనో?"

అత్త ముక్క నమిలి మింగింది. పెద్దవాడి కొమ్ము పెద్దవాడికి, చిన్నవాడి కొమ్ము చిన్నవాడికి ఇచ్చింది.

"ఓ సేత్తో ఎవడి కొమ్ము ఆడు పట్టుకోండి" అంది. "రెండో సేత్తో ఒకడి కన్నం ఒకడు మూయండి."